రేకు విరగకుండా చుట్టించిన అక్కకు

వేసవి తీర్థంలో మా పూతరేకుల దుకాణం దగ్గర ఆగి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయిన అక్కా, మీకు మా అందరి నమస్కారం.

ఆరుబయట వడగాలికి రేకు పెళుసెక్కి, మడత పెట్టగానే ముక్కలవుతుంది. నీళ్ళు చిలకరించబోతే మీరు ఆపారు. చుక్క పడినచోట రేకు కరిగి చిల్లు పడుతుందన్నారు. పల్చటి నూలుగుడ్డ తడిపి, గట్టిగా పిండి, రేకు మీద రెండు మూడు క్షణాలు అద్ది తీశారు. అంతే, మెత్తబడింది! రెండు రేకులు పరిచి, గోరువెచ్చని నెయ్యి పల్చగా రాసి, యాలకులు కలిపిన పంచదార పొడి అంచులు వదిలి చల్లి, పక్కలు లోపలికి మడిచి చుట్టారు. అంచుదాకా చల్లితే మడతలోంచి పొడి రాలుతుంది, మేం అన్నాళ్ళూ చేసిన తప్పు అదే.

బెల్లం గాలిలో తేమ లాగుతుంది కాబట్టి బెల్లం రేకులు అప్పటికప్పుడే చుట్టమన్నారు. రుచి చూపడానికి పెద్ద చుట్టను కోయొద్దు, సగం రేకుతో చిన్నవి చుట్టండన్నారు. పక్క దుకాణంలో ఆవకాయ రుచి చూసి వచ్చేవాళ్ళకు ముందు మంచినీళ్ళిమ్మన్నారు. కారంతో మండే నాలుకకు నెయ్యి కమ్మదనం తెలియదు కదా.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండ సెగ దగ్గర కూర్చుని రేకు తీసేది మాత్రం ఎక్కువగా మీలాంటి ఆడవాళ్ళే. మళ్ళీ తీర్థానికి వస్తే మొదటి చుట్ట మీకే, అక్కా.