ఆ కోర్సుకు పైసలు కట్టకముందే చదువు

బల్లార్‌పూర్

ఒరేయ్ సదా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మకు నయమే. చెల్లె పెండ్లి మాటలు నడుస్తున్నయ్. ఇగ అసలు సంగతి.

రెండు రోజుల్ల డ్రై నీడ్లింగ్, అంటే నొప్పి తగ్గనీకి మందు లేని సన్నటి సూదులు కండరాలల్ల గుచ్చుడు, నేర్పే కోర్సుల చేరుతున్న అని రాసినవ్ గదా. ఆగు.

మొన్న బొగ్గుగనిల పనిచేసే కాకా ఒకాయన భుజం నొప్పని వచ్చిండు. బక్కపలచటి మనిషి. మాట నడుమల ఆగి ఊపిరి తీసుకుంటున్నడు. ఎప్పటిసంది అంటే, "నిన్న సూదులు పెట్టించుకున్నసంది" అని మెడకూ భుజానికీ నడుమ చెయ్యి పెట్టి చూపిచ్చిండు. నాకు చెమటలు పట్టినయ్. స్టెతస్కోప్ పెడితే కుడిదిక్కు ఊపిరి చప్పుడు సరిగ్గ వినపడలే. భుజం సంగతి పక్కకు పెట్టి చంద్రపూర్ తీస్కపోయిన. ఎక్స్‌రేల ఊపిరితిత్తి చుట్టూ గాలి! గొట్టం వేసి తీసిండ్రు. ఇప్పుడు మంచిగున్నడు. కానీ గని దుమ్ము వల్ల ఆయాసం అనుకొని ఆ రాత్రంత ఇంట్లనే ఉన్నడట, సదా! సూదితోని ఇట్ల కావచ్చని ఆయనకు ఎవ్వరూ చెప్పలే.

పెట్టినోడు దొంగ డాక్టర్ కాదు, మనలెక్కనే బీపీటీ, ఫిజియోథెరపీ డిగ్రీ చదివినోడు. కండరాల పేర్లన్నీ నోటికొచ్చు. అదే నన్ను కాలుస్తున్నది. ఊపిరితిత్తి కొన కాలర్‌బోన్ మీదిదాక వస్తదని మనమూ చదివినం. కానీ మెడకూ భుజానికీ నడుమ ఉండే ట్రెపీజియస్ కండను వేళ్లతో పట్టి పైకి లేపి, సూది మొన పక్కటెముకల దిక్కు తిరగకుండ పెట్టుడు చదివితే వస్తదా? పక్కన నిలబడి చెయ్యి సరిచేసేటోళ్లు ఉండాలె. మనకు నేర్పిన పెద్దగంట సార్ అయితే ఏం చేస్తుండెనో నీకే తెలుసు!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999ల ఆక్యుపంక్చర్‌కు, అంటే చైనా సూదుల వైద్యానికి, రాసిన మార్గదర్శకాలు చూడు. డాక్టర్ కానోళ్ల పూర్తి శిక్షణకు 2500 గంటలు. డాక్టర్లు పరిమితంగ వాడుకోవాలన్నా 200 గంటలు. మనది ఆక్యుపంక్చర్ కాదు, ట్రిగ్గర్ పాయింట్ల, అంటే కండరాలల్ల గట్టిపడి నొచ్చే ముడుల, వైద్యం, ఒప్పుకుంట. కానీ సూది అదే, ఒళ్లు అదే. ఈ మహారాష్ట్రల ఆక్యుపంక్చర్‌కు 2015 చట్టం వేరే ఉన్నది. రెండు రోజులు నేర్చి బోర్డు మీద ఆ పేరు రాసుకునేటోళ్లను చూస్తే నాకు మండుతది. అట్లాంటప్పుడు అసలు ఆక్యుపంక్చర్ చేసేటోళ్లు మన మీద కోపానికొస్తే నేను వాళ్ల దిక్కే.

సూదులు వద్దంటలేను. నడుము, పిర్ర కండరాలకు పనిచేసుడు నేనే చూసిన. కోర్సోళ్లను అడుగు, ఛాతీ దగ్గర పెట్టేటప్పుడు ఎవరు చూస్తరు, గాలి చేరితే గుర్తుపట్టుడు నేర్పిస్తరా అని. నీళ్లు నమిలితే ఒక్క రూపాయి కట్టకు. ఇంకో మాట, రోగి సంతకం గురించి... అయ్యో, పేషెంట్లు వచ్చి కూసున్నరట, మీ వదిన పిలుస్తున్నది. కట్టినవా లేదా వెంటనే రాయి.

నీ
రాజు