ముందు గమ్ టేపు కొను, లెన్స్ తర్వాత

కడప,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవించి రాసేది.

మొన్న రాత్రి పదకొండు దాటాక నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. "అమ్మా, 50 ప్రైమ్ కొనాలా, 18-135 జూమ్ కొనాలా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ప్రైమ్ అంటే ఒకే ఎంఎంకి బిగుసుకున్న లెన్స్, జూమ్ అంటే రింగు తిప్పితే మారేది; ఎంఎం పెరిగేకొద్దీ దూరంలోవి దగ్గరికి వస్తాయి. ఆ ఒక్క ముక్కా ఫోన్‌లో మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు చెరిపేశాను. ఇక లాభం లేదని కాగితం తీసుకుని కూర్చున్నాను. మీ నాన్న అటు పోతూ తొంగిచూసి, "కొడుక్కి ఉత్తరమా, పరీక్ష పేపరా?" అన్నారు. రెండూ అనుకో.

మీ తాత స్టూడియోలో నేను పెరిగిన రోజుల్లో ప్రైమ్ అనే మాటే వినలేదు. ఏడు రోడ్ల దగ్గర ఆ చిన్న గదిలో ఉన్నది ఒక యాషికా కెమెరా. పైనొక కన్ను, కిందొక కన్ను. కింది కన్ను 80 ఎంఎం, దాన్ని మార్చడానికి లేదు. రోలుకు 12 ఫోటోలు. ఉన్నదే ఒక్క లెన్స్ అయినప్పుడు దానికి వేరే పేరెందుకు? పెళ్ళిలో గ్రూపు ఫోటో తీయాలంటే ఆయన వెనక్కి వెనక్కి నడిచేవారు. ఆయన వెనక నిలబడి "నాయనా, గోడ", "నాయనా, మెట్టు" అని చెప్పడం నా పని. కమలాపురంలో ఒక పెళ్ళికి పెళ్ళికూతురి గాజులు చూస్తూ నేను ఆ పని మరిచిపోయాను. ఆయన పోయి కుడితి తొట్టిలో కూర్చున్నారు. కెమెరాను మాత్రం తల మీదికి ఎత్తి పట్టుకున్నారు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

స్టిల్ కెమెరాలకు జూమ్ లెన్స్ మొదట అమ్మకానికి వచ్చింది 1959లో. వోయిట్‌లాండర్ కంపెనీది, జూమార్ అని 36-82. మా స్టూడియో గడప తొక్కడానికి దానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. ఒక సెకండ్‌హ్యాండ్ 35-70 చేతికొస్తే, తాత రెండు రోజులు దాన్ని తిప్పి తిప్పి చూసి "బద్ధకస్తుల గాజు" అని తేల్చేశారు. ఆ తర్వాతి పెళ్ళికి తీసుకుపోయారు. మళ్ళీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. కుడితి తొట్టి గుర్తొచ్చి ఉంటుంది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు చదివినవన్నీ ఏది షార్ప్‌గా ఉంటుంది, ఏది షార్ప్‌గా ఉంటుంది అన్న గొడవే అయ్యుంటుంది. ఎఫ్ అంటే లెన్స్ కన్ను ఎంత తెరవాలో చెప్పే అంకె, అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకుంటుంది. పట్టపగలు ఎఫ్/8 పెట్టి తీసి, గోడకు పెట్టుకునే సైజులో ప్రింటు వేయించు. ఏది ప్రైమ్‌తో తీసిందో ఏది నీ దగ్గరున్న 18-55 జూమ్‌తో తీసిందో నువ్వు చెప్పలేవు, నేనూ చెప్పలేను. నేను అడిగేది వేరు. ఫోటో తీసేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడతావు? నిలబడిన చోటు నుంచి కదలగలవా, లేదా?

ఒంటిమిట్ట కల్యాణానికి పోయిన సంగతి చెప్తాను. అన్నిచోట్లా రాములవారి పెళ్ళి పగలు చేస్తే అక్కడ రాత్రి వెన్నెల్లో చేస్తారు కదా, చంద్రుడు కూడా చూడాలని. ఫోటోకి అంతకన్నా ఏం కావాలి అనుకుని 50 ఒక్కటే పెట్టుకుని పోయాను. తీరా చూస్తే మాకు వచ్చిన చోటు బారికేడ్ల వెనక, వేదికకు ఎంతో దూరం. ముందుకు అడుగు వేయడానికి లేదు. నా 50లో సీతారాములు రెండు పసుపు చుక్కలు. మరుసటి ఏడు తెలివి తెచ్చుకుని 55-250 తీసుకుపోయాను. ఈసారి వేదిక దగ్గరికి వచ్చింది. కానీ ఆ లెన్స్ 250 దగ్గర ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. చీకట్లో కెమెరా సున్నితత్వం పెంచే అంకె, ఐఎస్ఓ, 6400 దాకా పోయాను. అది అంత పెంచితే ఫోటో గింజలు గింజలుగా వస్తుంది. తలంబ్రాలు ఏవో, ఫోటోలో పడ్డ గింజలేవో తెలియలేదు. ఆ దూరానికి, ఆ వెలుతురికి సరిపోయేది 70-200 ఎఫ్/2.8. లక్ష దాటుతుంది, కిలోన్నర దగ్గర బరువు. మనలాంటి సరదా వాళ్ళకు అది అక్కరలేదు. అరగంట తిట్టుకుని, వేదికను వదిలేసి, పక్కనున్న జనం వైపు తిరిగాను. భుజాల మీద నిద్రపోతున్న పిల్లలు, ఒక పెద్దాయన విప్పార్చుకున్న కళ్ళు. హాల్లో పెట్టిన ఫోటో అదే. నువ్వు ఏ లెన్స్ అని అడిగావు గుర్తుందా? మళ్ళీ 50కి మార్చి తీసింది. బ్యాగులో రెండూ ఉండబట్టి.

గండికోటలో ఇంకో తిరకాసు. అక్కడ జనం అడ్డం లేరు, లోయే అడ్డం. "కాళ్ళతో జూమ్ చెయ్యి" అని ప్రైమ్ వాళ్ళు చెప్పే మాట ఉంది చూడు, అది పెన్న లోయ అంచున నిలబడి వాళ్ళే చెయ్యాలి. ఆ మాటలో ఇంకో పొరపాటు కూడా ఉంది. కాళ్ళతో ముందుకు పోవడం, జూమ్ తిప్పడం ఒకటి కాదు. మీ అక్కను రాళ్ళ మీద కూర్చోబెట్టి నేను దగ్గరికి పోయి 18లో తీశాను. మీ అక్క పెద్దగా, వెనక ఎర్రకొండ గోడంతా వీధి అరుగంత కనిపించింది. తర్వాత బాగా వెనక్కి వచ్చి 135 దగ్గర పెట్టి తీశాను. మీ అక్క అంతే ఉంది, ఆ గోడ మాత్రం లేచి ఆమె నెత్తిమీదికి వచ్చింది. మనిషికీ వెనకున్న దానికీ మధ్య లెక్క నువ్వు నిలబడిన దూరాన్ని బట్టి మారుతుంది. జూమ్ ఆ దూరం నుంచి ఎంత ముక్క కోసుకోవాలో చెప్తుంది, అంతే. ముందు చోటు చూసుకోవాలి, ఆ తర్వాత రింగు తిప్పాలి. జూమ్ చేతిలో ఉన్నవాళ్ళు చాలామంది చోటు సంగతి మరిచిపోయి రింగే తిప్పుతూ ఉంటారు. నేనూ అంతే, చాలా ఏళ్ళు.

గండికోట మాట వచ్చింది కాబట్టి ఇదీ విను. ఎర్రగుంట్ల దగ్గర బండి ఆపి, రోడ్డు పక్కన నిలబడి లెన్స్ మార్చాను. ఆ దారిలో నాపరాయి దుమ్ము ఎట్లా లేస్తుందో నీకు తెలుసు. ఆ రోజు ఫోటోలన్నిటిలో ఆకాశంలో ఒకేచోట మూడు మచ్చలు. సెన్సర్ మీద, అంటే కెమెరా లోపల ఫిల్మ్ బదులుండే పలక మీద పడిన దుమ్ము. ప్రైమ్‌లు రెండు మూడు పెట్టుకుని తిరిగేవాళ్ళకు ఈ బాధ తప్పదు. మార్చాల్సి వస్తే కారులో, అద్దాలెక్కించి, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చు.

ఇక ప్రైమ్ నాకెందుకు ఇష్టమో చెప్తాను. ఉగాది నాడు దేవుని కడప గుడికి పొద్దున్నే ముస్లింలు వస్తారు కదా, బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అని. మొదటిసారి దూరంగా నిలబడి 55-250తో తీశాను. ఎవరికీ తెలియకుండా పాతిక ఫోటోలు. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ పక్కింటి కిటికీలోంచి తొంగిచూసినట్టున్నాయి. మరుసటి ఏడు చిన్న లెన్స్‌తో పోయాను. ఇక దగ్గరికి పోక తప్పదు. పోతే పలకరించక తప్పదు. ఒకావిడ "ఫోటో ఎందుకమ్మా?" అంది, చెప్పాను. "అయితే నా కోడలిది కూడా తియ్యి" అంది. వాళ్ళిద్దరూ నా వైపు చూసి నవ్వుతున్నారు, అంతే ఆ ఫోటో. నువ్వు బెంగుళూరు మార్కెట్లలో తీస్తున్నవి పంపావు కదా, బాగున్నాయి గానీ, సగం మంది వీపులే. నీకు మనుషులను పలకరించడానికి మొహమాటం, నాకు తెలుసు. పెద్ద జూమ్ కొంటే ఆ మొహమాటం ఇంకా ముదురుతుంది.

వెలుతురు లెక్క ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. నీ 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6. 50 ప్రైమ్ ఎఫ్/1.8. అంటే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. అవ్వ సాయంత్రం గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న ఫోటో ఉంది చూడు, అది 1.8లో 1/125 సెకనుకు తీసింది. అదే 5.6లో అయితే 1/13 వచ్చేది, అవ్వ వేళ్ళన్నీ పొగ అయిపోయేవి. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కదా అంటావేమో. అది నీ చేతి వణుకును ఆపుతుంది, అవ్వ చేతులను ఆపదు.

1.8 కూడా ఊరికే రాదు. మీటరు దూరంలో తీస్తే మూడు సెంటీమీటర్ల మందమే ఫోకస్‌లో ఉంటుంది. కన్ను ఉంటే చెవి ఉండదు. మీ అత్తనూ మామనూ పక్కపక్కన కూర్చోబెట్టి తీశాను. మామ నాలుగు వేళ్ళు వెనక్కి వాలినాడు. "నన్ను బాగానే తీసినావు వదినా, ఆయన్ని మంచులో కలిపినావే" అంది అత్త. ఇద్దరుంటే 4 పెట్టు.

అయితే 50 కొనమంటానా? అక్కడే ఆగు. 50 అంటే మనిషి చూపులా ఉంటుంది, ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సోఁ జీవితమంతా ఎక్కువగా దానితోనే తీశాడు అని అందరూ చెప్తారు. నిజమే, 1948లో గాంధీ అంత్యక్రియలప్పుడు ఆయన మన దేశంలోనే ఉన్నాడు, ఆ ఫోటోలు చూసి తీరాలి. కానీ ఆయన 50 పెట్టింది 36x24 ఫిల్మ్ మీద. నీ కెనాన్ సెన్సర్ అంతకన్నా చిన్నది, 1.6తో హెచ్చవేయాలి. నీ కెమెరా మీద 50 పెడితే అది 80 చూపిస్తుంది. బెంగుళూరులో నీ గది ఎంత? గోడకు వీపు ఆనించినా స్నేహితుడి మొహం, భుజాలు తప్ప ఇంకేమీ పట్టవు. మీ తాతకు కుడితి తొట్టి, నీకు బట్టల బీరువా. ఆయన 50 చూపు నీకు కావాలంటే 30, 35 మధ్య ఉండాలి. కెనాన్‌లో 35 ఖరీదు. ఎఫ్/2.8ది 24 ఒకటుంది, ప్యాన్‌కేక్ అంటారు, మనం అట్టు లెన్స్ అనుకుందాం, అంత పలచన. నీ జూమ్ 24 దగ్గర ఎఫ్/4, ఇది దానికి రెట్టింపు వెలుతురు. జేబులో పడుతుంది. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే ఫోన్ టార్చి వెనక నుంచి వేసి లోపల చూడు, సాలెపట్టులాంటి తీగలు కనిపిస్తే అది ఫంగస్, సగం ధరకిచ్చినా వద్దు.

18-135 మాటకొస్తే, నీ దగ్గర 18-55 ఉంది. నా 55-250 ఇక్కడ బీరువాలో నిద్రపోతోంది. అది తీసుకుపో. రెండిటి మధ్య ఉన్నదాన్నే మళ్ళీ డబ్బులిచ్చి కొనడం ఎందుకు? ప్రయాణాల్లో లెన్స్ మార్చే పని లేదన్న సుఖం తప్ప కొత్తగా వచ్చేదేమీ లేదు, వెలుతురు అయితే అసలే రాదు. ఏడాదికి పది ఊళ్ళు తిరిగేవాడివైతే అదే కొనమనేదాన్ని. నువ్వు ఆదివారం మధ్యాహ్నం దాకా లేవవు.

కాబట్టి ఇట్లా చెయ్యి. పది రూపాయల గమ్ టేపు కొను. నీ 18-55 మీద 18, 24, 35, 55 అని అంకెలున్నాయి. ఈ ఆదివారం రింగు 24 మీద పెట్టి టేపు చుట్టు, రోజంతా విప్పకు. వచ్చే ఆదివారం 35. ఆ తర్వాత 55కి ఒక వెంట్రుకవాసి ఇవతల, అది నీ 50. ఎక్కడెక్కడ టేపు పీకెయ్యాలనిపించిందో రాసుకో. వెనక్కి పోవడానికి చోటు లేకా, ముందుకు పోవడానికి ధైర్యం లేకా అన్నది కూడా రాసుకో. రెండోది అయితే అది లెన్స్ పని కాదు. అట్లాగే ఇప్పటిదాకా తీసిన ఫోటోల వివరాలు కంప్యూటర్‌లో తెరిచి, నీకు నచ్చిన యాభై ఫోటోలకు ఎంఎం ఎంతుందో లెక్క కట్టు. నేను నావి లెక్క కట్టినప్పుడు జూమ్ ఫోటోల్లో సగానికి పైగా ఈ చివర 18, లేకపోతే ఆ చివర 55. మధ్యలో ఉన్నవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సిగ్గేసింది.

మూడు ఆదివారాల తర్వాత కూడా 50 అనే అనిపిస్తే కొనకు, నాది ఇస్తాను. అవ్వ ఫోటో తీసింది దానితోనే, అందుకని అప్పుగా. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకు, బియ్యప్పిండి అంతా రింగులో చేరుతుంది. మూత బిగించే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు.

పండక్కి వచ్చేటప్పుడు పోయినసారి నీ బ్యాగులో పడిపోయిన నా 58 ఎంఎం లెన్స్ మూత తీసుకురా. ఆరు నెలలుగా ఆ 55-250 మూతికి హార్లిక్స్ డబ్బా మూత కట్టి పెట్టాను. మీ నాన్న చూసినప్పుడల్లా నవ్వుతున్నారు.

అమ్మ