పొలంలో మనిషి, కాగితంలో పేరు: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల నుంచి ఈ ఏడాది మన దగ్గరికి వచ్చిన వారిలో ఎక్కువ మంది బాధ ఒకటే. పొలం దున్నేది ఒకరు, భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు 1-బిలో పేరు మరొకరిది. ఆ మరొకరు పరాయివారు కూడా కారు, ఎప్పుడో కాలం చేసిన భర్తో, తండ్రో, మామో. పేరు మారనిదే బ్యాంకులో పంట రుణం పుట్టదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు పరిహారం అడగాలన్నా చిక్కే. అందుకే సభలు తగ్గించి, కాగితాలు చదివి చెప్పే పని మీదే కూర్చున్నాం.

ఒక అవ్వ సంగతి వివరంగా చెప్పాలి. బిస్కెట్ల డబ్బాలోంచి భర్త పేరిట ఉన్న డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు సాగుకిచ్చిన భూమి పట్టా, తీసి ఇచ్చింది. నాలుగు మడతలు. ఒక మడత సరిగ్గా సర్వే నంబరు మీద పడి, చివరి అంకె మూడో ఎనిమిదో తెలియకుండా అరిగిపోయింది. భర్త పోయి పన్నెండేళ్లు. ఇలా ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమికి పేరు మారదని ఎవరో చెబితే నమ్మి ఊరుకుంది. ఆ మాట తప్పు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆపేది అమ్మకాలను, దానాలను. వారసత్వానికి అది అడ్డు కాదు. పాత రిజిస్టరు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. 30 రోజుల్లో రావాల్సింది రెండు నెలలు దాటాక వచ్చింది. అంకె ఎనిమిది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇద్దరు కూతుళ్ల సమ్మతి జతచేసి, రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్‌కు పెట్టాం. 1-బి నకలు వచ్చిన రోజు, తన పేరు ఎక్కడుందో చూపించమంది అవ్వ. ఆమెకు చదువు రాదు. చూపించిన చోట వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

కూతుళ్ల విషయంలో మాత్రం మనం వెనకబడ్డాం. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు దేశమంతటికీ 2005లో వస్తే, మన రాష్ట్రంలో అప్పటికి ఇరవై ఏళ్ల ముందు నుంచే ఉంది. అయినా పెళ్లినాడు పసుపు కుంకుమ ఇచ్చాం కదా అంటూ పేరు రాయించకుండా వదిలేసే ఇళ్లే ఎక్కువ. మన సభ్యుల ఇళ్లూ అందులో ఉన్నాయి. ఇది నాకు బాధ కలిగించిన విషయం.

భూములను మళ్లీ కొలిచే రీసర్వే జరిగిన ఊళ్లలో కొత్త చిక్కు మొదలైంది. పాత సర్వే నంబర్లు పోయి, ఒక్కో భూభాగం పటానికి ఇచ్చే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల అన్నదమ్ముల వాటాలన్నీ కలిపి ఒకే నంబరు వేశారు. గట్లు వేరు, సాగు వేరు, కాగితం మాత్రం ఉమ్మడి. ఒకరు రుణానికి వెళితే మిగతా అందరి సంతకాలూ కావాలి. 1800లో దత్త మండలాలకు, అంటే మన రాయలసీమ ప్రాంతానికి, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఇక్కడే పొలం పొలమూ కొలిపించి, రైతు చేత నేరుగా శిస్తు కట్టించుకున్నాడు. ఆ కొలత శిస్తు కోసం. ఈ కొలతైనా రైతు హక్కు కోసం సరిగ్గా పూర్తి కావాలన్నదే మన కోరిక. రెవెన్యూ సదస్సుల్లో అర్జీలు ఇచ్చాం. కొన్నింటికి విభజన జరిగింది, చాలావాటికి ఇంకా తిరుగుతున్నాం.

భూ యాజమాన్య హక్కు చట్టం 2024లో రద్దయింది. వివాదాలకు సివిల్ కోర్టు తలుపు మూసుకుపోతుందన్న భయం తీరింది కానీ, రికార్డులు దిద్దే పని అలాగే ఉంది.

కౌలుదారుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు ఇచ్చే సాగు హక్కు పత్రానికి భూ యజమాని సంతకం కావాలి. దాంతో భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉన్నా యజమానులు భయపడుతున్నారు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. ఒప్పుకున్నవారు కొద్దిమందే.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా ఇస్తారు.

వచ్చే ఏడాది ఆడపిల్లల వాటాల పని ముందు పెట్టుకుందాం. డీకేటీ భూమి కొంటామని ఎవరైనా కాగితం తెస్తే, సంతకం చేసేముందు మాకు చూపండి. కాగితాలు చూపించడానికి వచ్చేటప్పుడు అసలు పట్టా ఇంట్లోనే ఉంచి నకలు తీసుకురండి. మడత పెట్టకండి.

ఇట్లు,
కార్యదర్శి