పిల్లి బతికింది

అమ్మడూ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా మీ అమ్మ ఒకటే గోల, ఇంతకీ నేను ఆడుతున్న డివినిటీ ఒరిజినల్ సిన్ 2 కంప్యూటర్ గేమ్‌లో ఆ పిల్లి బతికిందా లేదా అని. బతికిందని చెప్పు, నా మాట నమ్మట్లేదు. మొదట్లో మనల్ని బంధించే ఫోర్ట్ జాయ్ కోటలో మన వెనకాలే తిరిగే నల్లపిల్లి లేదూ, కోట దాటబోతుంటే మేజిస్టర్, అంటే అక్కడి కాపలావాడు, బాణం వేసి చంపేస్తాడు, నా చేతిలో రెండుసార్లు చచ్చింది పాపం. మూడోసారి మొసళ్ల దగ్గర దొరికిన టెలిపోర్ట్ గ్లవ్స్‌తో, అంటే దేన్నైనా దూరం నుంచే లేపి వేరేచోట పడేసే మాయ తొడుగులతో, ముందు దాన్ని ఎత్తి అవతల పడేసి తర్వాత మేం కదిలాం. ఇప్పుడు పిలిస్తే వస్తుంది, ఫైట్‌లో అదీ నేనూ చోట్లు కూడా మార్చుకోవచ్చు.

నువ్వు ఈ గేమ్ మొదటిది సగంలో వదిలేశావు కదా, రెండోది కూడా అంతేలే అంటున్నావు. కాదురా. డివినిటీ ఒరిజినల్ సిన్ మొదటి పార్ట్ 2014లో వచ్చింది, అందులో మన ఇద్దరు హీరోలకీ సొంత కథంటూ పెద్దగా ఏమీ లేదు. 2017లో వచ్చిన ఈ రెండోదానిలో బెల్జియం వాళ్లు, అదే లారియన్ వాళ్లు, మనం ఎంచుకోడానికి ఆరు పాత్రల్ని రాసిపెట్టారు, ఎవరి గొడవ వాళ్లది. నేను ఫేన్‌ని తీసుకున్నా, అస్థిపంజరం. జనంలోకి వెళ్తే మొహం కప్పుకోవాలి, తాళం చెవులక్కర్లేదు వేలి ఎముకతో తీసేస్తాడు, విషం తాగితే కోలుకుంటాడు, గాయాలు మాన్పే మందు తాగితే ఒళ్లు కాలుతుంది. ఇది మర్చిపోయి మొన్న వాడు కొనప్రాణంతో ఉంటే హీల్ చేశాను, నా వాడిని నేనే చంపుకున్నా. మీ అమ్మ పడీ పడీ నవ్వింది.

అసలు మజా ఫైట్లలోనే ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఆడాలి, మన వంతు (టర్న్) వచ్చినప్పుడల్లా ఖర్చుపెట్టుకోడానికి నాలుగు యాక్షన్ పాయింట్లు, మిగిల్చుకుంటే ఆరుదాకా పోగవుతాయి, నడకకీ ఖర్చే కాబట్టి అడుగు వేసేముందు చిట్టీల డబ్బులా లెక్కపెట్టుకోవాలి. నేల మీద నూనె ఉంటే నిప్పు అంటుకుంటుంది, నీళ్లుంటే కరెంటు పాకుతుంది, అది శత్రువా మనవాడా అని చూడదు. ఎత్తు మీద నిలబడితే బాణం దెబ్బ గట్టిగా పడుతుంది, అందుకే మేడ మీద నక్కిన విలుకాడిని గ్లవ్స్‌తో లేపి మంటలో పడేస్తే ఉంటుంది చూడూ, ఆ సుఖమే వేరు! ఒకే ఫైట్‌ని నాలుగుసార్లు ఆడితే నాలుగు రకాలుగా అయింది నాకు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. మామూలు దెబ్బలకో కవచం, మంత్రాలకో కవచం అని రెండు పెట్టారు, మన దెబ్బకి తగ్గ కవచం విరిగేదాకా ఎవడినీ కింద పడేయలేం, స్తంభింపజేయలేం. మొదటిదానిలోలా అదృష్టం మీద వదిలేయకపోవడం మంచిదే కానీ ఇద్దరు కత్తివాళ్లు ఇద్దరు మంత్రగాళ్లు ఉంటే సగం దెబ్బలు దీని మీద సగం దాని మీద పోయి ఏదీ తొందరగా విరగదు. ఇంక సంచి సర్దుకోవడం ఉంది చూశావూ, మన ఇంటి అటక నయం.

జంతువులతో మాట్లాడే పెట్ పాల్ టాలెంట్ మాత్రం తప్పకుండా తీసుకో, ఎలుక కూడా ఏదో ఒక పనికొచ్చే మాట చెప్తుంది. ఎల్ఫులని ఇందులో ఒక జాతి ఉంది, వాళ్లు శవం ముక్క తింటే వాడి జ్ఞాపకాలు తెలుస్తాయి, అది వచ్చినప్పుడు మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. కొనేటప్పుడు డెఫినిటివ్ ఎడిషనే చూసుకో, 2018లో చివరి భాగం చాలా వరకు మార్చి రాశారు.

నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడొచ్చు. శనివారం రాత్రి నాకు తొమ్మిదింటికి కూర్చుందాం, నీకు అప్పటికి తెల్లారుతుందిగా. లోస్ అని పాటలు పాడే అమ్మాయి ఉంది, ఒంట్లో దెయ్యం, నీకు సరిగ్గా సరిపోతుంది, ఆమె స్కిల్స్ ఏవీ ముట్టుకోకుండా అలాగే ఉంచా. హెడ్‌సెట్ చార్జింగ్ పెట్టుకో. నువ్వు నూనెలో నిలబడి ఉన్నప్పుడు నిప్పు పెట్టనులే.

మీ నాన్న