చిన్నదాని ఆడిషన్ సంగతి

నాయనా,

నిన్న ఫోన్లో కుక్కర్ విజిల్ గోలలో పెట్టేశాను, చెప్పాల్సింది చెప్పనేలేదు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువు, ఆఫీసు మీటింగులో దొంగచాటుగా చదవొద్దు.

చిన్నదాన్ని టీవీ పాటల పోటీకి పంపుదామని నువ్వు, వద్దని కోడలు. నన్నడిగితే, ముందు అక్కడ మైకు పట్టుకుని నిలబడేది ఎవరో చెప్పు అంటాను. మార్కులేసేది జడ్జీలు కదా, యాంకర్‌తో ఏం పనమ్మా అని నవ్వుతావు, తెలుసు. పాట అయిపోగానే బిడ్డ గుండె దడదడ కొట్టుకుంటుంటే మొదట పలకరించేది వాడేరా.

ఈమధ్య ఒకదాంట్లో చూశాను, పేరెందుకులే. పదేళ్ల పిల్ల ఇంకా నోరు తెరవకముందే వాళ్ల నాన్న ఎట్ల పోయాడో అడిగి అడిగి ఏడిపించి, ఆ పూడుకుపోయిన గొంతుతోనే పాడించారు. శ్రుతి ఎక్కడ నిలుస్తుంది? సరే, పాటైనా విననిచ్చారా అంటే, చరణంలో గొంతు తిప్పి పాడే మంచి సంగతి వచ్చే చోటే జడ్జి కళ్లు తుడుచుకునేది చూపించారు. నాకు ఒళ్లు మండి టీవీ కట్టేసి వాకిట్లో కూర్చున్నా.

1996లో ఈటీవీలో బాలు నడిపిన పాటల పోటీ పాడుతా తీయగా మొదలైనప్పుడు నీకు ఏడేళ్లు. మీ నాన్న వచ్చినవాళ్లందరికీ 'బాలు మన తిరుపతి ఆర్ట్స్ కాలేజీలో పీయూసీ చదివినాడు' అని తనే పక్క బెంచీలో కూర్చున్నట్టు చెప్పేవాడు! బాలు పొగడ్తలు కాదు నాకు నచ్చింది, తప్పు చెప్పే తీరు. 'ళ' బదులు 'ల' పలికితే వదిలేవాడు కాదు, కానీ తనే ఆ ముక్క పాడి చూపించేవాడు, పిల్లలు నవ్వుతూనే దిద్దుకునేవాళ్లు. పాట రాసిందెవరు, బాణీ కట్టిందెవరు అన్నది చెప్పేవాడు, నాకు సగం కవుల పేర్లు అట్లా తెలిసినవే. ఆయనా పోటీలో పాడినవాడే కదా, మద్రాసులో ఒక పోటీలో నెగ్గితే సంగీత దర్శకుడు కోదండపాణి గారు గుర్తుపెట్టుకుని 1966లో సినిమాకి పాడించారు. స్టేజీ మీద నిలబడ్డ పిల్లల వణుకు ఆయనకు తెలుసు.

2020 సెప్టెంబరు 25న ఆయన పోయాక ఇంక ఆ ప్రోగ్రాం చూడకూడదనుకున్నా. తర్వాతి ఏడాది ఆయన కొడుకు చరణ్ వచ్చినప్పుడు మొదటి రెండు వారాలు ముఖం తిప్పుకుని బియ్యంలో రాళ్లు ఏరుకున్నా, నిజం చెప్తున్నా. 'వాళ్ల నాన్న ముందు వీడేపాటి' అని నువ్వూ అన్నావు. ఆ మాట ఇప్పుడు నేను ఒప్పుకోను. నాన్నంత కథలు చెప్పలేడు, చెప్పాలని చూడడు కూడా, తీర్పు జడ్జీలకు వదిలేసి తను పక్కకి జరుగుతాడు. అరుపులు లేవు, పిల్లల ఇంటి గుట్టు లాగడం లేదు. నాన్న నిలబడ్డ చోట నిలబడి నాన్నలా నటించకుండా ఉండటం తేలికా?

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు ఎనిమిదో తరగతిలో వినాయక చవితి పందిట్లో పాడావు, గుర్తుందా? పైస్థాయిలో గొంతు కీచుమంటే మైకు పట్టుకున్నాయన 'కోడిపుంజు కూసిందిరోయ్' అన్నాడు, పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను నాయనా. ఆ వయసులో మగపిల్లలకు గొంతు మారుతుందని తెలిసీ నవ్వాను. ఆ రోజు నుంచి బాత్‌రూంలో కూడా నువ్వు పాడింది వినలేదు.

అందుకే, చిన్నదాన్ని పంపు గానీ, ఆడిషన్ ఫారంలో ఇంట్లో కష్టాలు రాయమంటే మాత్రం లేచి వచ్చెయ్. వేసవి సెలవులకు ఇక్కడ దింపితే అన్నమాచార్య కళామందిరంలో కచేరీలకు తీసుకుపోతా, కాసేపు నోరు మూసుకుని వినడం దానికీ అలవాటవుతుంది. మధ్యలో వేరుశనక్కాయలు అడుగుతుంది, కొనిపెడతాలే.

ఇంకో మాట. నువ్వు పంపే వీడియోలన్నీ పల్లవి దగ్గరే ఆపేస్తున్నావు. ఆదివారం చరణం కూడా పాడించి పంపు, ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో నేను చూడాలి.

అమ్మ