కీబోర్డు వాయించి వెళ్లిన సిస్టర్‌గారికి

హైదరాబాద్‌లోని మా వార్డులో, అంటే లేటర్-డే సెయింట్స్ యేసు క్రీస్తు సంఘపు మా స్థానిక సంఘంలో, మొన్న ఆదివారం రొట్టె, నీళ్లు పంచుకునే సంస్కార కూడికకు కీబోర్డు వాయించారే, ఆ సిస్టర్‌గారికి మా అందరి కృతజ్ఞతలు.

ముందుగా, కాలితో తొక్కితే స్వరాన్ని సాగదీసే పెడల్ సంగతి. దాని మీద కాలు ఉండగా స్విచ్ వేస్తే చాలా కీబోర్డులు ఉల్టా అర్థం చేసుకుంటాయి: కాలు తీస్తే స్వరం సాగుతుంది, తొక్కితే తెగుతుంది. మీరు ఆఫ్ చేసి, కాలు తీసి, మళ్లీ ఆన్ చేశారు. అంతే, బాగైంది. కొత్త పెడల్ ఖర్చు తప్పింది!

కీబోర్డు శ్రుతిని పైకీ కిందికీ మార్చే ట్రాన్స్‌పోజ్‌ను రెండు మెట్లు దించడం ఇంకా మంచి పని. కీర్తనలు నాలుగు గొంతులకు రాసినవి. మన దగ్గర మగవాళ్లు కూడా అన్నిటికంటే పై గొంతైన సొప్రానో వరుసే పాడతారు, పై స్వరాలు అందక సగంలో ఊరుకుంటారు. మొన్న చివరిదాకా పాడారు. వెళ్లేముందు మళ్లీ సున్నాకు తెచ్చారు కూడా. అది మరిస్తే తర్వాత గిటార్‌తో శ్రుతి కలవదు.

పాటలో జనం వెనకబడినా మీరు ఆగలేదు. ఆగితే ఇంకా ఈడుస్తారు. వరుస చివర ఊపిరికి మాత్రం చోటిచ్చారు.

కీర్తన అయిపోయినా రొట్టె విరవడం పూర్తికాకపోతే చివరి చరణం మెల్లగా సాగించి, యాజకుడు ప్రార్థనకు మోకరించగానే ఆపేశారు. రొట్టె, నీళ్లు పంచేటప్పుడు సంగీతం ఉండకూడదు కదా. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని చేతులు ఊరుకోవు చాలామందికి.

మళ్లీ వస్తే మా పిల్లలకు ఎడమచేతితో వాయించే బేస్ (కింది గొంతు) వరుస చూపించండి. కుడిచేయి వాళ్లకు వచ్చు.