నిద్ర సంగతి మాత్రం రాయి

నాయనా హరీ,

ఇక్కడ అందరం బాగుండాము. జేజి మోకాళ్లు అట్లే ఉండాయి. తిరుపతిలో ఎండకు మేడ మీద కాలు పెట్టేటట్టు లేదు. గంగమ్మ జాతరకు చాటింపు వేసినారు. నువ్వు ఫోను ఎత్తలేదని నాకేం కోపం లేదు, సుధ చెప్పిన మాట కూడా పట్టించుకోలేదు. రాత్రి రెండింటికి మెసేజీలు పెడతా ఉండావంట, మూడు గంటల నిద్ర చాలంటావంట. ఎన్నింటికి పడుకుంటా ఉండావు?

నీకుండేది బైపోలార్, మనసు ఒకసారి మితిమీరిన హుషారుకు, ఒకసారి దిగులుకు పోయే జబ్బు, అందుకే నిద్ర సంగతి అడిగేది. పని ఎక్కువై నిద్ర తగ్గితే మర్నాడు ఆవలింతలు వస్తాయి. నిద్ర తగ్గినా అలుపే లేదంటే అది వేరే. మాట వేగం, ఒకేసారి నాలుగు పనులు, చేతిలో డబ్బు నిలవకపోవడం, ఇవన్నీ కలిసి నాలుగు రోజులు వరుసగా ఉంటే డాక్టర్లు హైపోమేనియా అంటారు. వారం ఉండి ఉద్యోగమో ఇల్లో చెడేదాకా పోతే మేనియా. అప్పుడు జబ్బని తోచదు, ఇంత బాగా ఎప్పుడూ లేననిపిస్తుంది. మాత్రలు మానేసేది సరిగ్గా ఆ పూటే. డిప్రెషన్‌లో అట్లా కాదు, రెండు వారాలకు పైగా దిగులు, స్నానం చేయడం కూడా నడిచి కొండెక్కినంత పని. అప్పుడు కూడా ఎవరో ఇచ్చిన డిప్రెషన్ మాత్ర ఒక్కటే మింగొద్దు. బైపోలార్ ఉన్నవాళ్లను అది మేనియాలోకి తిప్పొచ్చు.

రమణ మామ సంగతి నీకు సగమే తెలుసు. ఆయనకూ బైపోలారే, దానికిచ్చిన లిథియం మాత్ర ఒక్క పూట మానలేదు. అయినా పడిపోయినాడు. బీపీ అని అత్త కూరల్లో ఉప్పు బాగా తగ్గించింది. నడుము నొప్పికి ఈయన మందుల షాపులో అడిగి ఐబుప్రొఫెన్ తెచ్చుకున్నాడు. తోటలో మామిడి కోత, ఎండలో నీళ్లు తాగింది లేదు. ఒంట్లో సోడియం, నీళ్లు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనీవు. ఆ నొప్పి మాత్ర చేసేదీ అదే. మొదట వాంతులు, విరేచనాలు, దాంతో ఉన్న నీళ్లూ పోయినాయి. తర్వాత చేతుల వణుకు, మాట ముద్ద, తూలుడు. కూలోళ్లు తాగినాడనుకున్నారు, అత్తకూ అదే అనుమానం! లీటరు రక్తానికి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాల్సిన లిథియం 2 దాటింది. మాత్ర ఆపి, సెలైన్ ఎక్కించి, మూత్రపిండాలు చూసుకుంటా ఆసుపత్రిలోనే పెట్టుకున్నారు. నొప్పొస్తే పారాసెటమాల్ చాలు నాయనా.

జాతరకు వస్తే రా, జాతర చివర అమ్మవారి విశ్వరూపం చూడాలని తెల్లార్లూ మేలుకోవద్దు. ఒక్క రాత్రి నిద్ర చెడినా చాలు, కొందరికి మేనియా మొదలవుతుంది. రోజూ ఒకే వేళకు పడుకో, ఒకే వేళకు లే, ఆదివారమైనా సరే. నీతులు చెప్పకూడదనుకుంటానే చెప్తా ఉండా. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోను లైను టెలీ మానస్‌కు, 14416కు చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం వేళ చూడొద్దు, అర్ధరాత్రైనా నాకు చెయ్యి.

లిథియం పరీక్ష చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇవ్వు. పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చినాకే వేసుకో. థైరాయిడ్ పరీక్ష, మూత్రపిండాలు ఎట్లుండాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఆర్నెల్లకొకసారి. కాగితం ఫోటో తీసి పంపు. చెనిక్కాయల పొడి బస్సులో వేస్తా ఉండా, ఉప్పు ఎప్పటంతే వేసినాను.

అమ్మ